గురువారం జీపు

గురువారం జీపొస్తది.
లోయ నోట్లకెల్లి ముందుగాల దుమ్ము లేస్తది,
తర్వాత చప్పుడు, ఆఖరుకు మనిషి.
ఖల్ఫాన్. తెల్ల అంగీ, మెడల టార్చిలైటు,
డబ్బా నిండ గాజుపలకలు.
మూడు గంటలు రాళ్లమీద దుంకించుకుంట వచ్చిండు
నా వేలి కొసనున్న ఒక్క చుక్క కోసం.

వాదీ సరాం అంటరు దీన్ని.
పద్నాలుగు ఇండ్లు, నాలుగొందల ఖర్జూర చెట్లు,
మనుషుల కన్న మేకలెక్కువ.
రేకుల గదిల ముగ్గురం:
బంగ్లా పిలగాడు మొఫిజుల్,
పంపు చూసే సింధీ ముసలాయన, నేను.

"పేరు?"
సిడాం సోనేరావు.
కుడి నుంచి ఎడమకు రాసుకున్నడు.
నా పేరు ఎనక్కి నడుసుకుంట పోయినట్టనిపించింది,
ఉట్నూరు దాటి, వాగు దాటి, మా గూడెం దాకా.
"ఊరి నుంచొచ్చి ఎన్నొద్దులు?"
పందొమ్మిది.
"వణుకు?"
దినం తప్పించి దినం. పొద్దు వాలంగనే.

గోడ ముట్టుకుంటె కాలే ఎండల
రెండు దుప్పట్లు కప్పుకున్నోన్ని చూసి
మొఫిజుల్ ముందుగాల నవ్విండు.
తర్వాత మూడో దుప్పటి తనదే తెచ్చిండు.

గీ చలి నాకెరికే. చిన్నప్పటి చుట్టం.
మా ఇంట్ల ఐదుగురి ఒంట్ల వంతులేసుకొని తిరిగేది.
అక్క లేతుబాయి ఒంట్ల మాత్రం కూసున్నది, లేవలే.
మంచం తిరగేసి, అండ్ల పండవెట్టి మోసినం.
వాగు నిండుగ ఉన్నది.
ఒడ్డున ఒక రాత్రి ఆగినం.
తెల్లారి వాగు తగ్గింది.
మోసే తొందర లేకపోయింది.

ఆ యేడు మా గూడెంల నలభై జెరాలు.
ఒక్క జీపు రాలే.

గిక్కడ నా ఒక్కనికొచ్చింది.
ఎందుకో తెల్వదా నాకు?
నా మీద పాయిరం కాదు.
నా నెత్తుట్లది దోమ నోట వడి
షేకు మనవరాలి మంచం దాకా పోవద్దని.
తెలిసినా చెయ్యి చాపిన.
ఇంకో చుక్క తీసి,
గోలీ నా ఒంటికి పడుతదో లేదో చూసుకున్నంకనే
పద్నాలుగు రోజులవి నా అరచేతిల లెక్కవెట్టిండు.
మొదటిది మింగేదాక
నోట్లకు టార్చి కొట్టి చూసిండు.
మా అవ్వ గట్లనే చూసేది,
బుగ్గల బెల్లం దాసుకున్ననేమోనని.

జెరం దిగినంక ఇద్దరం ఫలజ్ వెంబడి నడిసినం.
సన్న కాలువ, గలగల పోతున్నయ్ నీళ్లు.
"పోయే నీళ్లతోని మనకు పంచాది లేదు" అన్నడు,
నాకొచ్చినంత ఉర్దూ ఆయనకూ వచ్చు.
పంపుగది ఎనక, ఎవ్వలూ కడగని సిమెంటు తొట్టి
నేనే చూపించిన.
తెల్ల గరిటె ముంచిండు.
నీళ్లమీద అడ్డంగ పండుకున్న సన్న గీతలు,
బడిపిల్ల పెన్సిలు ముల్లు ఇరిసి పారేసినట్టు.
"లెక్కవెట్టు" అన్నడు.
పదకొండు.

ఎగువ మడుగుల లుంగీ పరిచి చేపలు పట్టినం,
చిటికెన వేలంత లేవు.
తొట్ల ఇడిసినం.
మూడో నాటికి గీతలు లేవు,
చేపల పొట్టలు జరంత లావైనయ్.

గుట్టెక్కితేనే సిగ్నలు.
మేనల్లుడు మారుతి ఎత్తిండు.
అందరు మంచిగనేనా అంటె, మంచిగనే.
ఇంటెనక పగిలిన రాతితొట్టి బోర్లించుమన్న.
"అండ్ల కుక్క తాగుతది మామా."
గప్పుడేం చెప్పాలె?
గుట్ట మీద గాలి, ఫోన్ల పైసలు కరుగుతున్నయ్.
"పొద్దుగాల పొయ్యి. తాగినంక బోర్లించు.
రోజూ, ఇనవడుతుందా, రోజూ."
లైను తెగింది. ఇన్నడో లేదో.

దిగేటప్పుడు ఫోను వెలుగుల తొట్టి చూసిన.
ఒక చేప ఎల్లెల్కల తేలి ఉన్నది.
మిగిలినయి మేలుకొనే ఉన్నయ్.
తొమ్మిదో గోలీ మింగి పండుకున్న.
రేపు గురువారం.